నేను తగ్గించని ఒత్తిడి

కోవిడ్ సర్దుమణిగిన మరుసటి ఏడాది, హైటెక్ సిటీ దాటి గచ్చిబౌలి వైపు వెళ్ళే రోడ్డులో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, కాలేయ మార్పిడి విభాగానికి సీనియర్ కన్సల్టెంట్‌గా చేరాను. నేను మత్తు డాక్టర్ని. అంతకుముందు చాలా ఏళ్ళు సర్కారు దవాఖానల్లో పనిచేసి, అక్కడ పదవీ విరమణకు కొంచెం ముందే బయటికి వచ్చాను. కొత్త చోట నా పై హోదాలో విభాగాధిపతి అయిన పెద్ద సర్జన్ ఒక్కరే ఉండేవారు. మేమంతా ఆయన్ని పెద్ద సార్ అనేవాళ్ళం. నా కింద ఇద్దరు జూనియర్లు. నేను చెప్పబోయేది అక్కడ చేరిన ఏడాదే, కార్తీక మాసంలో జరిగింది.

మత్తు డాక్టరు సంగతి పెళ్ళిలో వంటవాడి సంగతే. భోజనం కుదిరితే పెళ్ళివారికి పేరు, ఉప్పు ఎక్కువైతే వంటవాడికి తిట్లు. ఆపరేషన్ బాగా జరిగితే దండ సర్జన్ మెడలో పడుతుంది. ఆ దండ నాకు ఎప్పుడూ అక్కర్లేదు. రోగికి నా ముఖం గుర్తు లేకపోతే నా పని సవ్యంగా జరిగినట్టే. కాని ఊరికే నిద్రపుచ్చడానికి పెద్ద డాక్టరెందుకు అనేవాళ్ళకు మాత్రం ఒక మాట చెప్పాలి. నిద్రపుచ్చడం మా పనిలో చిన్న భాగం. ఆ నిద్రలో మనిషిని ప్రాణంతో నిలబెట్టి ఉంచడం అసలు పని.

కాలేయం దగ్గర ఆ పనికి ఒక ప్రత్యేకత ఉంది. కాలేయం నిండా రక్తమే. అక్కడి రక్తం వెనకవైపు సిరల గుండా గుండెకు వెళ్ళే మహాసిరలో కలుస్తుంది. ఆ మహాసిరలోని ఒత్తిడిని సీవీపీ అంటాం. మెడ సిరలోంచి ఒక సన్నని గొట్టం దింపి, తెర మీద ఆ అంకె చూస్తూ ఉంటాం. అది ఎక్కువగా ఉంటే, కాలేయం కోసినచోటల్లా రక్తం వెనక్కి ఎగదన్నుతుంది. అందుకని కోత పూర్తయ్యేదాకా ఆ ఒత్తిడిని తక్కువగా ఉంచాలి. మిగతా ఆపరేషన్లలో సెలైన్ ధారాళంగా ఇచ్చే మత్తు డాక్టరు కాలేయం దగ్గర పిసినారి అవుతాడు. బల్లను తలవైపు కొద్దిగా ఎత్తుతాడు, సిరలను వదులుచేసే మందు చుక్కలుగా ఇస్తాడు. మరీ తగ్గితే మళ్ళీ ప్రమాదమే. రక్తపోటు కూలిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, తెగిన సిరలోకి గాలి పోతుంది. ఈ రెండింటి మధ్య సన్నని గట్టు మీద నడిపించడం నాకు బాగా వచ్చు. వినయం కోసం రాదని చెప్పను.

ఆ కార్తీకంలో మాకు వచ్చిన దాత పేరు సులోచన. కడప జిల్లా మనిషి. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగానికి సూపర్‌వైజర్. భర్త ఓబులేసుతో మూసాపేటలో కాపురం. ఆమె అన్న సుధాకర్ ప్లాట్లు కొని అమ్మే వ్యాపారి. ఆయన కాలేయం పూర్తిగా గట్టిపడిపోయింది. పొట్టలో నీరు చేరి, కళ్ళు పచ్చబడి, మాట కూడా తడబడే స్థితికి వచ్చాడు. చెల్లెలి కాలేయంలో కుడి భాగం తీసి అన్నకు అమర్చాలి. దాతకు మిగిలిన ముక్క కొద్ది వారాల్లోనే పెరిగి పని అందుకుంటుంది. దేవుడు ఆ అవయవానికి ఇచ్చిన సౌకర్యం అది.

ఆపరేషన్‌కు వారం ముందు సులోచన నా ఓపీకి వచ్చింది. మత్తుకు ఒళ్ళు తట్టుకుంటుందా లేదా అని ముందుగా చూసే పరీక్ష అది. నేను మనిషి ముఖం కంటే ముందు చేతుల మీది నరాలు చూస్తాను. పాత అలవాటు. ఆమెవి తాళ్ళలా తేలి ఉన్నాయి. సంతోషించాను. ఎందుకిస్తున్నావమ్మా, ఎవరైనా బలవంతం చేశారా అని భర్తను బయటికి పంపి మరీ అడిగాను. దాతలందరినీ అలా ఒంటరిగా అడగడం మా పద్ధతి. ఆమె నవ్వింది.

“విదియనాడు అన్న మా ఇంటికి భోజనానికి రావల్ల మేడం. ఈసారి రాలేకపోయినాడు. అన్నం పెట్టే బదులు ఇది పెడ్తాండా.”

కార్తీక విదియకు అక్కచెల్లెళ్ళ చేతి భోజనం చేస్తే అన్నదమ్ములకు ఆయుష్షని మనవాళ్ళ నమ్మకం. ఆ మాట విన్నాక నేను మరో ప్రశ్న అడగలేదు.

ఆపరేషన్ మంగళవారం పెట్టారు. సోమవారం మధ్యాహ్నం ఆమె వార్డులో చేరింది. మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలన్నది అందరికీ తెలిసిన నియమమే. కడుపులో అన్నం ఉంటే మత్తులో అది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాని నీళ్ళకు అంత కఠినం లేదు. మత్తుకు రెండు గంటల ముందు వరకు మంచినీళ్ళు తాగవచ్చు. పైగా మేము ముందురోజు రాత్రి ఒకటి, తెల్లవారుజామున ఒకటి తియ్యటి పానీయం గ్లాసులు ఇచ్చి తాగమంటాం. ఒళ్ళు ఎండిపోకుండా ఉండడానికి అది.

మంగళవారం ఉదయం థియేటర్ గుమ్మం దగ్గర వార్డు సిస్టర్ స్వరూప ఆమెను అప్పగిస్తూ మెచ్చుకుంది. “గిసువంటి పేషెంటును నేను సూడలే మేడం. ఉపాసమంటే ఉపాసమే. సుక్క నీళ్లు గూడ అడగలే.”

మా ఆసుపత్రిలో ఇది నిజంగానే మెచ్చుకోదగ్గ సంగతి. చుట్టూ ఐటీ ఆఫీసులున్న చోటు కదా, ఆపరేషన్ ఉదయం కాఫీ తాగి వచ్చి, కాఫీ కూడా లెక్కలోకి వస్తుందా అని అడిగేవాళ్ళను రోజూ చూస్తాం. వాళ్ళ వల్ల ఆపరేషన్లు వాయిదా పడతాయి. అందుకని మా సిబ్బందికి ఏమీ ముట్టనివాడు ఉత్తమ రోగి. ఏమీ ముట్టకపోవడం కూడా ఎక్కువ కావచ్చన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాదు.

నేను సులోచన చెయ్యి పట్టుకుని చూశాను. వారం క్రితం తాళ్ళలా ఉన్న నరాలు లేవు. చలికి ముడుచుకున్నాయా అనుకుని వేడి గుడ్డ చుట్టించాను. చివరికి ఒకటి దొరికింది. మత్తు ఇచ్చిన వెంటనే రక్తపోటు ఉండాల్సినదానికంటే ఎక్కువ జారింది. రక్తనాళాలను బిగించే మందు కొంచెం ఇస్తే నిలబడింది. మెడలో గొట్టం దింపి తెర వైపు చూస్తే సీవీపీ రెండు. మామూలుగా ఆ అంకెకు రావడానికి నేను గంటకు పైగా కష్టపడతాను. ఆ రోజు నా కష్టం ఇంకా మొదలుకాలేదు.

దాత వైపు సర్జన్ డాక్టర్ శ్రీహరి. గోదావరి జిల్లా మనిషి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. చెయ్యి ఎంత సుతారమో నోరు అంత వేగం. పొట్ట తెరిచి కాలేయాన్ని చూసి మురిసిపోయాడు. “మేడం గారూ, ఇవాళ మీ చేతిలో ఏదో మహత్తు ఉందండి. కాలేయం ఎంత మెత్తగా ఉందో చూడండి.”

మహత్తు నాది కాదండీ, నేనింకా ఏమీ చెయ్యలేదు అన్నాను. చెయ్యకుండానే వచ్చిందంటే ఇంకా మంచిది కదండి అని నవ్వాడు. వాపును చూసి బలుపనుకునేవాళ్ళుంటారు. ఇక్కడ ఎండిపోవడాన్ని చూసి నా నైపుణ్యమనుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు.

దాత కాలేయం బాగుందని శ్రీహరి కబురు పంపాక, పక్క థియేటర్లో పెద్ద సార్ సుధాకర్ పొట్ట తెరిచారు. మార్పిడిలో రెండు బల్లలు పక్కపక్కనే నడుస్తాయి. ఒక బల్ల ముందుకు వెళ్ళాక రెండోది ఎక్కువసేపు ఆగలేదు. పాడైన కాలేయమున్న మనిషికి రక్తం గడ్డకట్టదు. పొట్ట తెరిచి ఉన్నంతసేపూ కారుతూనే ఉంటుంది.

శ్రీహరి కుడి భాగాన్ని వెనక నుంచి విడదీయడానికి చేత్తో ఎడమవైపు ఎత్తాడు. ఆ కదలికకు మహాసిర కొంచెం వంగుతుంది, ఎవరికైనా రక్తపోటు క్షణం పాటు తగ్గుతుంది. సులోచనకు తగ్గలేదు, పడిపోయింది. తెర మీద రక్తపోటు చూపే ఎర్ర గీత దాదాపు చదునైంది. కాలేయాన్ని కింద పెట్టండి అన్నాను. ఎందుకని అడగకుండా వెంటనే పెట్టాడు. ఆ ఒక్క గుణానికి శ్రీహరి ఎన్ని మాటలన్నా నేను పడతాను. మందు ఇచ్చాను. గీత లేచింది, కాని మొండికేసినట్టు నెమ్మదిగా లేచింది.

లోపల ఎక్కడైనా రక్తం పోతోందా అని ముందు అనుమానించాలి. శ్రీహరి అంతా వెతికాడు, లేదు. మందు పడక ఒళ్ళు ఎదురు తిరిగిందా అంటే, దద్దుర్లు లేవు, ఊపిరి తేలిగ్గానే వెళుతోంది. మూత్రం సంచి చూశాను. అడుగున కొంచెం, ముదురు రంగులో ఉంది. రక్తం చుక్క తీసి మిషన్‌లో పెట్టించాను. వారం క్రితం పన్నెండు ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు పద్నాలుగుకు దగ్గరగా ఉంది. రక్తం పోతే అది తగ్గాలి. వారం రోజుల్లో ఒంట్లో రక్తం అంతగా పెరగదు. నీరు తగ్గితేనే చిక్కబడుతుంది.

ఆ మనిషి ఒంట్లో నీళ్ళు లేవు. ఎందుకు లేవో, ఎంత లేవో తెలియాలి. నా జూనియర్ డాక్టర్ నౌషీన్‌ను భర్త దగ్గరికి పంపాను. ఎప్పుడు తిన్నది అని అడగవద్దు, చివరిసారి నీళ్ళు ఎప్పుడు తాగింది అని అడుగు అని చెప్పాను.

ఓబులేసు కింది హాల్లో, భార్య మంగళసూత్రం, మట్టెలు రుమాలులో ముడివేసుకుని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడట. ముందు అన్నీ తాగిందనే చెప్పాడట. నౌషీన్ వదలలేదు. మీ ఆవిడ బల్ల మీద ఉంది, నిజం చెప్పండి అని గట్టిగా అడిగితే అప్పుడు బయటపడ్డాడు. నౌషీన్ పరుగున వచ్చి, నా చెవి దగ్గర అతని మాటలు అతని యాసతోనే చెప్పింది.

“ఆదివారం రాత్రి అన్నం తినిందే కడ మేడం. సోమారం ఉపాసం. చుక్కలు చూసినాక ఒక్కపొద్దు ఇడుచు అంటే ఇనల్యా. అన్న ఆపరేషన్ అయి బయటికొచ్చేదాకా నీళ్లు గూడా ముట్టనని మొక్కుకుంది. ఆ గ్లాసులు రెండూ నేనే తాగినా. పారబోస్తే పాపం గదా.”

తాగినందుకే ఇలా అయిందా అని అతను పదేపదే అడిగాడట. జర ధైర్యంగా ఉండండి, ఫికర్ లేదు, మేడం చూసుకుంటారు అని చెప్పి వచ్చానంది. మేడం చూసుకోవాలి మరి.

నేను శ్రీహరికి విషయం చెప్పి, కోత మొదలుపెట్టవద్దన్నాను. ముందు ఈమెకు నీళ్ళు నింపాలి. అతను ఉలిక్కిపడ్డాడు. రెండు ఉన్న అంకెను చేజేతులా పెంచుతానంటే ఏ కాలేయ సర్జన్ ఒప్పుకుంటాడు? “ఇప్పుడు సెలైన్ ఎక్కిస్తే కాలేయం ఉబ్బుతుందండి. కోస్తుంటే రక్తం వరదవుతుంది. పక్కన అన్నయ్య పొట్ట తెరిచి ఉంది. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా?”

“ఇవాళ అయ్యవారు ఈ అమ్మాయేనండి. ఈవిడ కోసం ఆగుతుంది,” అన్నాను.

తరువాత వివరంగా చెప్పాను. గచ్చిబౌలి అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ట్యాంకు నిండా నీళ్ళుండి మనం కుళాయి కట్టేసినా బక్కెట్టులో నీళ్ళు పడవు, ట్యాంకే ఎండిపోయినా పడవు. బక్కెట్టు దగ్గర నిలబడితే తేడా తెలియదు. నాకు కావలసింది కట్టేసిన కుళాయి. అవసరమైతే క్షణంలో తిప్పుతాను. ఇప్పుడు ఉన్నది ఖాళీ ట్యాంకు. కోత మధ్యలో ఒక్క సిర తెగితే ఇవ్వడానికి ఆమె ఒంట్లో ఏమీ లేదు.

పక్క థియేటర్ నుంచి ఇంటర్‌కమ్ మోగింది. పెద్ద సార్ ఎంతసేపని అడిగారు. ఎంతసేపో చెప్పలేను, నేను పిలిచేదాకా అన్న కాలేయం తీయవద్దు అన్నాను. సుధాకర్‌కు కారుతోంది మేడం అన్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆ ఆలస్యం అన్నకు ప్రమాదమని నాకూ తెలుసు. కాని సుధాకర్ జబ్బుతో వచ్చాడు, సులోచన జబ్బు లేకుండా నడిచి వచ్చింది. ఆమె ఇంటికి కూడా అలాగే నడిచి వెళ్ళాలి. దాత విషయంలో మాకు రెండో నియమం లేదు. రక్తం, ప్లాస్మా ఇస్తూ ఆయన్ని నిలబెట్టండి, ఈమెను తొందరపెట్టలేను అన్నాను. సరే అన్నారు. ఆయన హోదాకు నా మాట తోసేసే అధికారం ఉంది. వాడలేదు.

వెచ్చటి సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాం. శ్రీహరి గ్లౌజు చేతులు రొమ్ము మీద ముడుచుకుని తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. అంకె మూడు, అయిదు, ఏడు అయింది. అది పెరిగినకొద్దీ అతని కనుబొమలు పైకి లేచాయి. నేను వాటిని చూడలేదు, రక్తపోటు గీతను చూశాను. ఊపిరికి ఊపిరికి ఊగిసలాడుతున్న గీత కుదురుకుంది. నాడి నెమ్మదించింది. సంచిలో మూత్రం లేతరంగులో దిగడం మొదలైంది. కాలేయాన్ని మళ్ళీ ఎత్తి చూడమన్నాను. ఎత్తాడు. రక్తపోటు కొంచెం తగ్గి, తనంతట తానే లేచింది.

అప్పుడు నా అసలు పని మొదలుపెట్టాను. సెలైన్ కట్టేశాను. బల్లను తలవైపు ఎత్తించాను. సిరలను వదులుచేసే మందు చుక్కచుక్కగా ఇచ్చాను. ఏడు మెల్లగా నాలుగైంది, తరువాత మూడైంది. ఇది నేను తగ్గించిన మూడు. కానివ్వండి అన్నాను.

కోత సగం దాటాక ఒక సిర చిరిగింది. శ్రీహరి తప్పు కాదు, కాలేయంలో సిరలు కాగితంలా ఉంటాయి. పొట్టలో రక్తం చటుక్కున నిండింది. అతను వేలితో అదిమి, కుట్టు వేసేంతలో నేను కుళాయి తిప్పాను. మందు ఆపి, బల్ల దించి, సెలైన్ వదిలాను. రక్తపోటు జారింది, ఆగింది, తిరిగి ఎక్కింది. కుట్టు బిగించాక శ్రీహరి ముసుగు పైనుంచి నా వైపు చూశాడు. పొద్దున్నే ఇది జరిగి ఉంటే అని సగంలో ఆపేశాడు. అతను మాట పూర్తిచేయకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కుడి భాగం బయటికి వచ్చింది. పక్క బల్ల మీద సుధాకర్‌కు అమరింది. ఆయనకు రక్తం ఎక్కువే పట్టింది, కాని తట్టుకున్నాడు.

సాయంత్రానికి సులోచన ఐసీయూలో కళ్ళు తెరిచింది. అక్కడి నర్సు నాకు ఫోన్ చేసింది. తడి గుడ్డతో పెదవులు అద్దుతుంటే కూడా ముఖం తిప్పేసుకుంటోంది, ఏం చెయ్యమంటారు అని. వెళ్ళాను. అన్న బయటికొచ్చినాడా అని మొదట అడిగింది. కొత్త కాలేయం పనిచేస్తోంది, కుట్లు వేస్తున్నారు అన్నాను. కళ్ళు మూసుకుని, నాకు సెలైన్ ఎక్కించినారా అంది. అవునన్నాను.

“అట్లయితే ఉపాసం పోయింటాదా మేడం?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “నువ్వు తాగలేదమ్మా. నీకు తెలియకుండా నేనెక్కించాను. దోషమంటూ ఉంటే అది నాది,” అన్నాను. ఆలోచించి, సరే అంది. నాతో ఒక్క మాట ముందే చెప్పి ఉండవచ్చు కదా అని కొంచెం కోపంగానే అడిగాను.

“ఏమన్నా తిన్న్యావా అని అందురూ అడిగినారు మేడం. ల్యా అన్నా. బాగుండావు అన్నారు. ఎందుకు తినల్యా అని ఎవురూ అడగల్యా.”

సుధాకర్‌ను ఐసీయూకు తెచ్చారని నర్సు వచ్చి చెప్పాక, చెంచాడు నీళ్ళు నోట్లో వేయించుకుంది. ఆ చెంచా నేనే పట్టాను. కొన్ని వారాల తరువాత అన్నాచెల్లెళ్ళిద్దరూ వేరువేరు రోజుల్లో ఇంటికి నడిచి వెళ్ళారు.

ఆ తరువాత మా విభాగంలో రెండు మార్పులు చేయించాను. తియ్యటి పానీయం గ్లాసు మంచం పక్కన పెట్టి రావడం మానేసి, సిస్టర్ ఎదురుగా రోగి చేతనే తాగించడం ఒకటి. రెండోది, నా ఓపీలో ఒక ప్రశ్న. మీరు ఏ వారం ఒక్కపొద్దు ఉంటారు, ఇప్పుడు ఏమైనా మొక్కులో ఉన్నారా అని. రంజాన్ నెలలో దాన్నే మరోలా అడిగేవాళ్ళం. మొక్కు ఉన్నవాళ్ళను ఆపమని నేనెప్పుడూ అనలేదు. ఆపరేషన్ తేదీ జరిపాను, లేదా వాళ్ళకు చెప్పి ముందురోజు రాత్రే సెలైన్ పెట్టించాను. సెలైన్ మొక్కుకు అడ్డమా కాదా అన్నది వాళ్ళ ఇంటి పెద్దలతో తేల్చుకోమన్నాను.

ఇప్పుడు నేను పదవిలో లేను. జూనియర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మేడం ఇవాళ కేసు చాలా సులువుగా నడుస్తోంది అని చెబుతుంటారు. సంతోషమే. కాని నేను వాళ్ళకు నేర్పింది ఒక్కటే. పని సులువుగా సాగుతున్నప్పుడు, ఆ సులువు మన చేతిలోంచి వస్తోందా, బల్ల మీది మనిషి ఒంట్లోంచి వస్తోందా అని ముందు చూసుకోవాలి.